మమకారమా, స్వాధీనతా? ముంపు గ్రామాల వృద్ధుల మాటపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

జలాశయాల కింద ఊళ్ళు మునిగినప్పుడు ఇల్లు విడవడానికి వృద్ధులు చూపే అయిష్టతను ‘మమకారం’ అనే ఒక్క మాటతో వివరించడం అధికార భాషలోనూ, ఉద్యమ భాషలోనూ, సాహిత్య విమర్శలోనూ స్థిరపడిపోయింది. ఈ వివరణ వృద్ధుల మాటలోని తర్కాన్ని మరుగుపరుస్తోందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇల్లు అన్నప్పుడు వారు చెబుతున్నది ప్రధానంగా ఎవరిమీదా ఆధారపడకుండా బతకగలిగే స్థితి గురించి. శ్రీశైలం, మల్లన్నసాగర్ ముంపు సందర్భాలను, 2013 భూసేకరణ చట్టాన్ని, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాగిన గ్రామ, జానపద పరిశోధనను ఆధారం చేసుకుని ఈ అంశాన్ని పరిశీలించడం వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ముంపు, నిర్వాసితులు, వృద్ధాప్యం, ఇల్లు, పునరావాసం, మల్లన్నసాగర్, శ్రీశైలం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక.

1. ప్రవేశిక

సికింద్రాబాదు నుంచి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట వరుసగా వస్తాయి. తెలుగు ప్రాంతపు గ్రామ పరిశోధన చరిత్రలో ఈ దారికి ఒక ప్రత్యేకత ఉంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే నాయకత్వంలో ఒక బృందం శామీర్‌పేటకు వెళ్ళి ఆ ఊరిని అధ్యయనం చేసింది. దాని ఫలితంగా 1955లో ‘ఇండియన్ విలేజ్’ గ్రంథం వెలువడింది. భారతీయ గ్రామాన్ని సమగ్రంగా చిత్రించిన తొలి గ్రంథాలలో అది ఒకటి. అదే దారిలో మరికొంత ముందుకు వెళ్తే, ప్రజ్ఞాపూర్‌కు చేరువలోని గజ్వేల్ శివార్లలో, సంగాపూర్, ముట్రాజ్‌పల్లి దగ్గర మల్లన్నసాగర్ నిర్వాసితుల పునరావాస కాలనీలు ఉన్నాయి. ఊరు ఉన్న కాలంలో దానిని చదవడానికి పరిశోధకులు వెళ్ళిన దారిలోనే, ఊరు పోయిన తరువాత మనుషులు వచ్చి చేరారు. తార్నాకలోని ప్రాంగణానికి ఈ రెండూ ఒక పూట ప్రయాణంలోనివే.

దూరం ఇంత తక్కువైనా, ఆ కాలనీల్లోని వృద్ధుల మాటను చదివే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ‘పెద్దవాళ్ళకు ఊరంటే మమకారం, అందుకే కదలరు’ అన్న వాక్యం ఎవరి నోట విన్నా సహజంగానే తోస్తుంది. ఆ సహజత్వాన్నే ప్రశ్నించవలసి ఉంది. మమకారం ఉన్నచోట కారణం అడగవలసిన అవసరం ఉండదు. దానిని ఓదార్చవచ్చు, గౌరవించవచ్చు, కీర్తించవచ్చు. దానితో వాదించడం మాత్రం ఎవరూ చేయరు. వృద్ధుల మాటను మమకారంగా గుర్తించిన క్షణంలోనే అది సమాధానం చెప్పవలసిన వాదనగా ఉండడం మానేస్తుంది.

2. సాహిత్యం ఇచ్చిన రెండు అచ్చులు

ఇంటితో వృద్ధుడికున్న బంధాన్ని తెలుగు పాఠకుడు ఎక్కువగా రెండు అచ్చుల్లో చూడడానికి అలవాటుపడ్డాడు. మొదటిది మట్టిని విడవని రైతు. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లోని సాంబయ్య ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కొడుకు, కోడలు పట్నం దారి పట్టి ఆస్తి కరిగిపోయినా, సాంబయ్య చివరికి మనవడితో కలిసి మట్టి దగ్గరికే చేరుకుంటాడు. రెండవది పిల్లలు దూరంగా స్థిరపడగా ఇల్లూ పెరడే లోకంగా బతికే వృద్ధ దంపతులు. శ్రీరమణ ‘మిథునం’లోని అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఈ రెండవ అచ్చుకు నిండైన రూపం.

ఈ రెండు రచనల విలువ ఇక్కడ ప్రశ్నార్థకం కాదు. వాటిలోని పాత్రలు తమ తమ కథాసందర్భాల్లో సమగ్రంగా ఉన్నాయి. చిక్కు ఆ అచ్చులను ముంపు సందర్భానికి మార్చుకోవడంలో ఉంది. సాంబయ్య మట్టిని పోగొట్టుకున్నది కుటుంబంలోని కలతల వల్ల, మారిన విలువల వల్ల. రాజ్యం అతని ఊరిని తీసుకోలేదు. అప్పదాసు ఇల్లు సొంత ఇల్లు, పెరడు సొంత పెరడు. అక్కడ నిలవాలా, వద్దా అన్నది ఆ దంపతుల చేతిలోనే ఉంది. ముంపు గ్రామంలోని వృద్ధుడికి ఆ నిర్ణయాధికారమే లేదు. పైగా అతడు కౌలుదారు కావచ్చు, అసైన్డు భూమి సాగు చేసుకునే దళిత రైతు కావచ్చు, భర్త పేరిట ఉన్న ఇంట్లో ఉంటున్న వితంతువు కావచ్చు. ఇన్ని భిన్న స్థితులను ‘మట్టి మీద మమకారం’ అనే ఒకే సూత్రానికి కుదించినప్పుడు, విమర్శ సాహిత్యం నుంచి నేర్చుకున్న మాటనే జీవితం మీద అద్దినట్లవుతుంది.

సామాజిక శాస్త్రాలలోనూ ఇటువంటి మొగ్గు కనిపిస్తుంది. బోస్టన్ నగరంలోని వెస్ట్ ఎండ్ ప్రాంతాన్ని కూల్చివేసిన తరువాత అక్కడి కుటుంబాలపై మార్క్ ఫ్రీడ్ 1963లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, ఇల్లు పోయినవారి వేదనను ఆప్తుల మరణానంతర శోకంతో పోల్చింది. కూల్చివేతను కేవలం భవనాల లెక్కగా చూసే ప్రణాళికా రచయితలకు అది అవసరమైన సమాధానం. ఆఫ్రికాలో కరీబా ఆనకట్ట కింద 1950ల చివర నిర్వాసితులైన గ్వెంబె టోంగా ప్రజలను దశాబ్దాల పాటు గమనించిన ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ శారీరక, మానసిక, సాంస్కృతిక ఒత్తిడులను కలిపి చూపారు. మైఖేల్ సెర్నియా నిర్వాసితత్వం వల్ల కలిగే పేదరికపు ముప్పులను ఎనిమిదిగా వర్గీకరించాడు: భూమి, ఉపాధి, ఇల్లు పోవడం, సమాజంలో అంచుకు నెట్టబడడం, ఆహార భద్రత తగ్గడం, అనారోగ్యం పెరగడం, ఉమ్మడి వనరులు దక్కకపోవడం, సామాజిక అల్లిక చెదరడం. ఈ ఎనిమిదింటిలో వయసు ప్రత్యేక అంశంగా లేదు. నిజానికి వయసు తొమ్మిదో ముప్పు కాదు. పై ఎనిమిదింటిలో ప్రతి ఒక్కదాని బరువునూ అది మారుస్తుంది. ముప్పై ఏళ్ళవాడికి ఉపాధి పోవడం, డెబ్బై ఏళ్ళవాడికి ఉపాధి పోవడం ఒకే మాటతో చెప్పదగిన నష్టాలు కావు.

3. శ్రీశైలం నుంచి మల్లన్నసాగర్ వరకు

కృష్ణానది మీద శ్రీశైలం జలాశయం నిండడానికి ముందు, 1981లో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ముంపు ఊళ్ళను ప్రభుత్వ యంత్రాంగం దగ్గరుండి కూల్చివేయించింది. అదే ముంపు ప్రాంతంలోని కూడలి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి ఆలయ సముదాయాన్ని పురావస్తు నిపుణులు రాయి రాయిగా విడదీసి అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. దేవుడి ఇంటి విషయంలో ఏ రాయి ఏ వరుసలో ఉండాలన్న శ్రద్ధ కనిపించింది. మనుషుల ఇళ్ళ విషయంలో ఆ శ్రద్ధకు తావే లేకపోయింది. చాళుక్యుల శిల్పసంపదను కాపాడడం తప్పు అని ఎవరూ అనలేరు. అయితే ఒక కట్టడం విలువ దాని అమరికలో ఉంటుందని, విడిరాళ్ళలో ఉండదని రాజ్యానికి ఆనాడే తెలుసని ఈ ఉదాహరణ రుజువు చేస్తోంది. అమరికే విలువ అన్న ఆ జ్ఞానాన్ని ఊరికి వర్తింపజేయలేదు.

1986లో వెలువడిన 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రాజెక్టుల కింద నిర్వాసితులైన కుటుంబాల్లో ఒకరికి ప్రభుత్వోద్యోగం కల్పించాలని నిర్దేశించింది. శ్రీశైలం నిర్వాసితుల కుటుంబాలు ఆ ఉద్యోగాల కోసం దశాబ్దాలపాటు ఎదురుచూశాయి. ఇక్కడ గమనించవలసింది ఆ పరిహారపు స్వభావం. ఉద్యోగం యువకుడికే వస్తుంది. ఇల్లు కోల్పోయిన వృద్ధుడికి న్యాయం కొడుకు ద్వారానో, మనవడి ద్వారానో అందాలి. పోయింది తన చేతిలోని ఇల్లు. వచ్చేది మరొకరి చేతిలోని జీతం.

మల్లన్నసాగర్ నాటికి చట్టం మారింది. 50 టీఎంసీల సామర్థ్యంతో సిద్దిపేట జిల్లాలో నిర్మించిన ఈ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి వంటి ఊళ్ళు దాని కింద పోయాయి. 2013 చట్టానికి బదులుగా నేరుగా భూమి కొనుగోలు చేయడానికి 2015 జూలైలో తెచ్చిన 123వ నంబరు ఉత్తర్వును 2016 ఆగస్టులో ఉమ్మడి హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టివేసింది. వ్యవహారం అప్పీలుకు వెళ్ళింది. ఆ ఏడాదే వేములఘాట్‌లో మొదలైన రిలే దీక్షలు సుదీర్ఘకాలం సాగాయి. పరిహారం ఎంత, ఏ చట్టం కింద, సమ్మతి ఎలా అన్న ప్రశ్నలే ఆ పోరాటంలో కేంద్రస్థానంలో నిలిచాయి. ఇటువంటి పోరాటం వెనుక ఉన్నది మమకారం మాత్రమే అనడం, కోర్టు దాకా వెళ్ళిన ఒక హక్కుల వాదనను కన్నీటిగా అనువదించడమే.

4. చట్టం భాషలో వృద్ధులు

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ, పునరావాస చట్టం గత చట్టాలకన్నా ఉదారమైనదే. 1894 నాటి చట్టంలో 1984 సవరణ తరువాత 30 శాతంగా ఉన్న సొలేషియం ఇందులో 100 శాతమైంది. సొలేషియం అంటే ఊరట సొమ్ము. బలవంతంగా తీసుకోవడం వల్ల కలిగే బాధకు చట్టం తానే ఒక ధర కట్టి, ఆ బాధను అంగీకరిస్తోంది. అయితే ఊరట అనే భావనలోనే ఒక ఊహ దాగి ఉంది: నష్టం మనసుకు సంబంధించినదని, సొమ్ముతో దానిని ఉపశమింపజేయవచ్చని. వృద్ధుల విషయంలో ‘మమకారం’ అనే లోకోక్తి చేసే పనినే చట్టంలో ఈ పదం చేస్తోంది.

చట్టం కుటుంబాన్ని నిర్వచించిన తీరు మరింత కీలకమైనది. వయోజనులైన ప్రతి ఒక్కరినీ, జీవిత భాగస్వామి, పిల్లలు ఉన్నా లేకపోయినా, ప్రత్యేక కుటుంబంగా అది పరిగణిస్తుంది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలివేసిన స్త్రీలను ప్రత్యేక కుటుంబాలుగా గుర్తిస్తుంది. ఒంటరి వృద్ధురాలికి ఇది నిజమైన మేలు. కానీ రెండవ అనుసూచికలోని ప్రయోజనాలను వరుసగా చూస్తే వయసు ఆధారంగా ప్రత్యేక అంశం ఒక్కటీ కనిపించదు. ఇల్లు, ఉద్యోగం లేదా 5 లక్షల రూపాయలు లేదా నెలకు 2,000 రూపాయలకు తగ్గకుండా 20 ఏళ్ళపాటు చెల్లింపు, ఏడాది పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి, రవాణాకు 50,000, పశువుల కొట్టానికో చిన్న దుకాణానికో కనీసం 25,000 - అన్నీ పనిచేయగల వయోజనుడిని ఉద్దేశించినవే. అంతకుముందు 2007 జాతీయ పునరావాస విధానం మాత్రం, ప్రత్యామ్నాయ జీవనాధారం దొరకని, 50 ఏళ్ళు దాటిన వారిని బలహీనుల జాబితాలో చేర్చి, వారికి నెలకు కనీసం 500 రూపాయల జీవితకాల పింఛను ఉండాలని పేర్కొంది. మొత్తం చిన్నదే. కానీ అందులో వృద్ధాప్యానికి ఒక పేరుంది. విధానం చట్టంగా మారే క్రమంలో డబ్బు పెరిగింది, ఆ పేరు పోయింది.

మూడవ అనుసూచిక కొత్త ఊరిలో ఉండవలసిన వసతులను చెబుతుంది. ఆయా కులాల, సమాజాల ఆచారాన్ని బట్టి శ్మశానం లేదా ఖననభూమి, పశువుల మేత భూమి, ప్రతి 50 కుటుంబాలకు ప్రార్థనా స్థలం, జనం కూర్చుని మాట్లాడుకోవడానికి చెట్టు చుట్టూ గద్దె అందులో ఉన్నాయి. చట్టం రాసినవారిలో ఎవరికో ఊరి రచ్చకట్ట విలువ తెలుసు. అయితే గద్దెను కట్టవచ్చు. దాని మీద కూర్చున్న వృద్ధుడి మాటకు పాత ఊరిలో ఉన్న చెల్లుబాటును ఏ అనుసూచికా ఇవ్వలేదు. ఆ చెల్లుబాటు దేని నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఇంటి పదజాలంలోకి వెళ్ళాలి.

5. ఇంటి పదజాలంలోని లెక్క

తెలుగులో ఊరి పరిమాణాన్ని గడపలతో చెబుతారు. వంద గడపల ఊరు అంటే వంద భవనాలని మాత్రమే అర్థం కాదు. వంద ఇళ్ళు అప్పుకు, పెళ్ళికి, చావుకు బాధ్యులుగా ఉన్నాయని అర్థం. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత ఇంటిని జీవితంలోని పరీక్షగా చెబుతుంది. ఇంటిపేర్లలో ఎన్నో ఊరి పేర్లే. ఇలవేల్పు, ఇల్లాలు, ఇల్లరికం వంటి మాటల్లో ఇల్లు సంబంధాలను పట్టి ఉంచే మూలంగా నిలుస్తుంది. ఈ పదజాలాన్ని ఆధారంగా చేసుకుంటే తెలంగాణ గ్రామంలో వృద్ధుల ఇల్లు చేసే పనులు కనీసం నాలుగు కనిపిస్తాయి.

మొదటిది పని. వాకిలి, అరుగు, కొట్టం, పెరడు అనేవి వృద్ధుల పనిస్థలాలు. రెండు మేకలు, నాలుగు కోళ్ళు, పెరట్లో ఒక సొరపాదు, అరుగు మీద బీడీల చాట. ఇవి కూలిరేట్లకు అందవు కాబట్టి ఏ సర్వేలోనూ ఉపాధిగా నమోదు కావు. కానీ కొడుకును అడగకుండా ఆకువక్కకు, మాత్రలకు, మనవరాలి చేతిలో పెట్టడానికి డబ్బు వచ్చేది వీటినుంచే. గోడకు గోడ ఆనుకున్న కాలనీ ఇంట్లో పైకప్పు గట్టిది కావచ్చు. మేకను కట్టేసే చోటు లేనప్పుడు ఆ ఇల్లు వృద్ధురాలిని పోషితురాలిగా మారుస్తుంది.

రెండవది పరపతి. ఊరి దుకాణంలో ఉద్దెర పుట్టడానికి ఆధార్ కార్డు అక్కరలేదు, ముఖం చాలు. ఆ ముఖానికి విలువ నలభై ఏళ్ళ ఇచ్చిపుచ్చుకోవడాల వల్ల వచ్చింది. యువకుడు కొత్త చోట కొన్నేళ్ళలో పరపతి సంపాదించుకోగలడు. అంత వ్యవధి లేనివారికి పోయిన పరపతి పోయినట్లే.

మూడవది నడక. చూపు మందగించినవారు ఊరిలో కాలి గుర్తుతో తిరుగుతారు. బాయి, చెరువుగట్టు, పోచమ్మ గుడి, చుట్టాల ఇల్లు వారికి తెలిసిన దారులు. ఒకే రంగు, ఒకే కొలత గల ఇళ్ళ వరుసలో, ఇంటిని పేరుతో కాక నంబరుతో గుర్తుపట్టవలసిన చోట, అదే మనిషి వాకిలి దాటడానికి తోడు కోరవలసి వస్తుంది.

నాలుగవది జ్ఞానం. ఏ గట్టు ఎవరిది, ఏ వంశానికి ఏ వంశంతో వరస కలుస్తుంది, బొడ్రాయిని నిలిపినప్పుడు ఏ ఇంటివారు ఏ పని చేశారు వంటి విషయాలు వృద్ధుల నోట ఉంటాయి. బొడ్రాయి పండుగకు ఊరి ఆడబిడ్డలంతా తిరిగి రావలసిందే. పెత్రమాసనాడు పెద్దలకు ఇచ్చుకోవడం, అదేరోజు బతుకమ్మ మొదలు కావడం, చివరిరోజు చెరువులో సాగనంపడం అన్నీ ఒక నేలతో ముడిపడినవి. గట్లు నీటి కిందికి పోయినప్పుడు గట్టు తగవు తీర్చే పెద్దమనిషికి పని ఉండదు. జ్ఞానం అలాగే ఉంటుంది; అడిగేవారు ఉండరు.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే వృద్ధుల అయిష్టత ఒక లెక్కగా కనిపిస్తుంది. ఇల్లు వారికి స్వాధీనతను, అంటే ఇంకొకరి చేయి చూడకుండా రోజు గడుపుకునే శక్తిని ఇస్తోంది. ఇల్లు పోతే ఆ శక్తి పోతుంది. పరిహారపు సొమ్ము కొంతకాలం ఆ లోటును కప్పవచ్చు. కానీ సొమ్ము ఖాతాలో ఉంటుంది. ఖాతా దాకా తీసుకువెళ్ళడానికి మనిషి కావాలి.

6. భిన్న స్వరాలు

ఈ ప్రతిపాదనకు ఒక సహజమైన ఆక్షేపణ ఉంది: ఊరిని ఇలా చదవడం దానిని ఆదర్శీకరించడం కాదా? 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని కీర్తించే ధోరణిని తీవ్రంగా తిరస్కరించిన విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఊరి అరుగు అందరికీ అరుగు కాదు. దళితవాడ వృద్ధుడికి ఊరి నడుమ రచ్చకట్ట మీద చోటు దక్కిందా, బాయి దగ్గర మొదటి వంతు దక్కిందా అన్న ప్రశ్నలు వేయకుండా ‘ఊరు పోయింది’ అని రాయడం అసంపూర్ణం.

స్వాధీనత అనే కొలమానం ఈ ఆక్షేపణకు లొంగదు. దానిని తనలో కలుపుకుంటుంది. పాత ఊరిలో స్వాధీనత దొరకనివారు తరలింపును కోరుకోవచ్చు. జీవితమంతా ఒకరి ఇంటి వెనుక గుడిసెలో గడిపిన వృద్ధుడికి తన పేరిట పట్టా ఉన్న పక్కా ఇల్లు, దగ్గరలో ఆసుపత్రి స్వాధీనతను పెంచేవే. భర్త తరఫు ఇంట్లో బతికిన వితంతువుకు ప్రత్యేక కుటుంబంగా వచ్చిన ఇల్లు బహుశా ఆమె జీవితంలో మొదటి సొంత ఆస్తి. మమకారం అనే సూత్రం వీరి సమ్మతిని వివరించలేదు. వీరికి ఊరిమీద ప్రేమ తక్కువ అనవలసి వస్తుంది. స్వాధీనత అనే సూత్రం తిరస్కారాన్నీ, సమ్మతినీ ఒకే తర్కంతో వివరించగలదు. ఒకే మనిషిలో రెండూ ఉండడాన్ని కూడా అది అర్థం చేసుకుంటుంది: ఆసుపత్రి దగ్గరైనందుకు సంతోషం, మేకలు అమ్ముకున్నందుకు దిగులు.

కాలం కూడా వైఖరిని మారుస్తుంది. తరలింపు తరువాతి తొలి సంవత్సరాల్లో మనుషులు తెలిసిన పద్ధతులనే గట్టిగా పట్టుకుంటారని, కొత్త చోట నిలదొక్కుకోవడం ఆ తరువాతే మొదలవుతుందని స్కడర్, కోల్సన్‌ల దశల సిద్ధాంతం చెబుతుంది. యువకుడికి ఆ తొలి సంవత్సరాలు ఒక దశ. వృద్ధుడికి అవే మిగిలిన జీవితం కావచ్చు. పునరావాసం విజయవంతమైందని పదేళ్ళ తరువాత రాసే నివేదికలో, ఆ పదేళ్ళూ దాటలేనివారి మాట చేరదు.

7. ప్రాంగణం, ప్రహరీ, పరిశోధన

ఈ మాటను సేకరించవలసిన విశ్వవిద్యాలయాలకు నేలతో, సేకరణతో తమదైన చరిత్ర ఉంది. తార్నాక అనే పేరుకు వాడుకలో ఉన్న వివరణ ప్రకారం ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే తనిఖీ కేంద్రం; తీగ కంచె, దాని పక్కన కాపలా ఉన్న చోటని అర్థం. ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న మాణికేశ్వరీనగర్‌ను ప్రజలు నేటికీ వడ్డెర బస్తీ అంటారు. రాయి కొట్టి, మట్టి తవ్వి ఇతరుల కట్టడాలను లేపిన వృత్తికులం పేరు ఆ బస్తీలో నిలిచి ఉంది. 2015 మే నెలలో విశ్వవిద్యాలయ భూమిలో 11 ఎకరాలను పేదల ఇళ్ళకు తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు విద్యార్థులు తీవ్రంగా ప్రతిఘటించారు. విద్య కోసం ఇచ్చిన నేల విద్యకే ఉండాలన్నది వారి వాదన. ఆ సందర్భంలో విద్యార్థుల మాటను ఎవరూ ‘ప్రాంగణం మీద మమకారం’ అని తీసిపారేయలేదు. అనుకూలించినా వ్యతిరేకించినా దానిని ఒక వాదనగానే స్వీకరించారు. ముంపు గ్రామంలోని వృద్ధుడికి దక్కవలసినది కూడా ఆ పాటి మర్యాదే.

పరిశోధన పద్ధతి విషయంలోనూ ఈ ప్రాంగణపు వారసత్వం పరిశీలించదగినది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఇక్కడి పరిశోధనగా రూపొంది జానపద అధ్యయనానికి పునాది వేసింది. 1940లలో ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల జీవితాన్ని, భూమి కోల్పోయిన వారి స్థితిని నమోదు చేశాడు. దూబే శామీర్‌పేట గ్రంథంలో కుటుంబ బంధాలకు, జీవన స్థాయిలకు, మారుతున్న దృశ్యానికి వేర్వేరు అధ్యాయాలు కేటాయించాడు. ఈ కృషి లేకపోతే నేడు పోల్చి చూడడానికి ఆధారమే ఉండేది కాదు.

అయితే తెలుగు శాఖలలో స్థిరపడిన సేకరణ పద్ధతి ప్రక్రియ ఆధారితమైనది. పాట, కథ, సామెత, పొడుపుకథ అయితే అది సంచయంలో చేరుతుంది. వృద్ధురాలు తన ఇల్లు ఎక్కడ ఎలా ఉండేదో, ఏ దర్వాజ ఏ వైపు తెరుచుకునేదో, ఎవరికి ఎంత బాకీ ఉండేదో చెప్పే మాట ఏ ప్రక్రియకూ చెందదు కాబట్టి పాటకు ముందు వచ్చే ముచ్చటగా వదిలివేయబడుతుంది. ముంపు ప్రాంతాల్లో ఈ వరుసను తిరగవేయవలసి ఉంది. పాట మరొక ఊరిలో దొరకవచ్చు. ఆ ఇంటి లెక్క మరెక్కడా దొరకదు.

ఇందుకు ఇంటిని ప్రమాణంగా తీసుకునే సేకరణ అవసరం. ఒక్కొక్క ఇంటికి ఒక వాఙ్మూలం. అందులో ఇంటి భాగాల పేర్లు చెప్పినవారి మాండలికంలోనే ఉండాలి. డబ్బు, నడక, మాట చెల్లుబాటు అన్న మూడు విషయాల్లో అప్పుడు ఎవరిమీద ఆధారపడ్డారు, ఇప్పుడు ఎవరిమీద ఆధారపడుతున్నారు అని అడగాలి. కులం, లింగం, భూమి హక్కు అనే తేడాలు ప్రతి వాఙ్మూలంలోనూ నమోదు కావాలి. కొన్నేళ్ళ తరువాత అదే మనిషిని మళ్ళీ కలవాలి. సేకరించిన ప్రతి ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంటే, మరొకటి ఆ కాలనీ బడిలో ఉండాలి.

8. ముగింపు

1981లో శ్రీశైలం ముంపు నుంచి ముప్పై ఏళ్ళ వయసులో కదిలినవారు నేడు డెబ్బై దాటారు. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ ఊళ్ళనుంచి డెబ్బైలలో కదిలినవారికి మిగిలిన వ్యవధి ఇంకా తక్కువ. మొదటి తరానికి తరలింపు ఏమి చేసిందో, రెండవ తరానికి ఏమి చేస్తోందో పక్కపక్కన పెట్టి చూడగల అవకాశం తెలుగు పరిశోధనకు ఇప్పుడే ఉంది.

ముంపు గ్రామాల వృద్ధుల మాటలో దుఃఖం లేదని ఈ వ్యాసం అనడం లేదు. ఆ దుఃఖానికి కారణాలున్నాయని, ఆ కారణాలను వారే స్పష్టంగా చెబుతున్నారని, వాటిని మమకారం అనే పేరుతో మూటగట్టడం వల్ల చట్టానికి ఒక ప్రశ్న, సాహిత్యానికి ఒక పాత్ర, పరిశోధనకు ఒక వాఙ్మయం దక్కకుండా పోతున్నాయని మాత్రమే చెబుతోంది. పునరావాసం విలువను కట్టిన ఇళ్ళ సంఖ్యతో కొలవడం సులువు. అందులో చేరిన వృద్ధురాలు తన వాకిలి దాటడానికి, తన మాత్రలు కొనుక్కోవడానికి, తన మాట చెప్పుకోవడానికి ఎవరి చేయి చూడవలసి వస్తోంది అన్న ప్రశ్నతో కొలిస్తే ఫలితం వేరుగా ఉండవచ్చు. తార్నాక నుంచి గజ్వేల్ వెళ్ళే పరిశోధకుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.